కొఠారు నడక

మొదటి రోజు, మధ్యాహ్నం

ఈ ఊళ్ళో తాళంచెవులు లేవు. గదికి తాళం ఇమ్మని అడిగితే మా గైడు పరశురాం నవ్వాడు.

"ఇక్కడ తలుపు మీ నడక చూసి తెరుచుకుంటుందమ్మా. ఎవరి వేలిముద్ర వాళ్ళదైనట్టు ఎవరి నడక వాళ్ళదే. అలా నాలుగడుగులు వేసి రండి, ఊరే మిమ్మల్ని నేర్చుకుంటుంది" అన్నాడు.

రాత్రి కళింగపట్నంలో గాలిపడవ ఎక్కాం. తెల్లారేసరికి ఈ ఊరు, సెనాబారు. మా పొదుపు సంఘం ఆడవాళ్ళందరికీ కలిపి ఒకటే కాగితం కాబట్టి రేవులో మమ్మల్ని విడివిడిగా ఎవరూ చూడలేదు. పడవ దిగి బండెక్కాం, బండి దిగి బసలోకి వచ్చాం. చెవిలో పెట్టుకోమని తలా ఒక ముత్యం ఇచ్చారు. ఇక్కడివాళ్ళు ఏ భాషలో మాట్లాడినా అది మనకి తెలుగులో చెబుతుంది. ఆ తెలుగు మా ఐదో తరగతి వాచకంలో తెలుగులా ఉంది. నేను చదివింది అంతవరకే కాబట్టి నాకు బాగానే అర్థమవుతోంది.

అందరూ అద్దాల కొండ చూడాలని వచ్చారు, సముద్రం అడుగున చేపల దారి చూడాలని వచ్చారు. నేను ఊర్వశి నడిచిన రోడ్డు చూద్దామని వచ్చాను. నా కూతురు ఇక్కడ అంతస్తుల తోటలో ఆకుకూరలు కోసే పనిలో ఉండేది. నిరుడు సెలవు దొరికితే పక్క దీవి చూడ్డానికి వెళ్ళింది. తిరిగొచ్చే పడవ గాలివానకి బోర్లా పడింది. పెట్టె ఆ దీవి నుంచే తిన్నగా మా ఊరు వచ్చింది. తెరవొద్దన్నారు. మేము తెరవలేదు.

ఆయన రానన్నారు. "నువ్వెల్లిరా. నాను సూడలేను" అన్నారు. ఆయన అక్క, మా సుభద్రొదిన, నా తోడు వచ్చింది.

పడవలో పులుసు ఒలికిన చీర ఉతికాను. ఆరేసుకోడానికి ఎక్కడా దండెం లేదు. కిటికీకి కట్టబోతే వదిన కసిరింది.

"ఏటే అది? కొండ మీదున్నోళ్ళందరికీ నీ సీరే కనిపిస్తాది. పరువు తియ్యకు."

"మరెక్కడ ఆరెయ్యను వదినా?"

"ఒంటికి సుట్టుకో. ఆరిపోద్ది."

చెప్పులు కూడా తడిసిపోయాయి. వాటిని మూల పెట్టి ఉత్తికాళ్ళతో వరండాలోకి వచ్చాను. ఇక్కడ నేలలోనే దీపాలున్నాయి. మనిషి నడుస్తుంటే ముందున్నవి వెలుగుతాయి, వెనకవి ఆరిపోతాయి. వదినకి తెల్లగా వెలిగాయి. చూడ్డానికి వచ్చిన చుట్టాలకి తెలుపు, ఊరివాళ్ళకి పసుపు అని పరశురాం చెప్పాడు.

నాకు పసుపు వెలిగింది.

చెవిలో ముత్యం మాట్లాడింది. "స్వాగతము ఊర్వశీ. చాలా దినములకు వచ్చితిరి."

నేను వదినని కేకేశాను. వదిన వచ్చి నా చెవిలోంచి ముత్యం లాగి, తన చెవిలో పెట్టుకుని విని, మళ్ళీ నా చేతిలో పెట్టింది.

మొదటి రోజు, సాయంత్రం

ఎందుకలా అయిందో వదినే తేల్చింది.

మాది ఉప్పు పండించే కొఠారు. మళ్ళ మధ్య గట్టు జానెడు వెడల్పు ఉంటుంది. నెత్తి మీద తడి ఉప్పు గంప పెట్టుకుని దాని మీద నడవాలంటే ముందు వేళ్ళు ఆనించాలి, తర్వాత మడమ. పాదాలు కాస్త లోపలికి తిప్పాలి. చేతులు ఊపకూడదు, మెడ కదపకూడదు. నాకు మా అమ్మ నేర్పింది. ఊర్వశి పావడా వేసుకునే వయసులో నా వెనకాలే నా అడుగులో అడుగు వేస్తూ నేర్చుకుంది. మా కొఠారులో ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క తీరు. దూరం నుంచి గంప కింద మొహం కనబడకపోయినా ఏ ఇంటి మనిషో చెప్పేస్తాం.

"అదీ నువ్వూ గట్టు మీదెల్తంటే నాకే తెలిసేది కాదు, ముందెవులో ఎనకెవులో. ఈ ఊరికేటి తెలుస్తాది?" అంది వదిన. "గైడుకి సెప్పు. సరి సేయిస్తాడు."

"రేపు చెబుతాన్లే" అన్నాను.



అందరం బస ముందు మెట్ల మీద కూర్చుని ఊరి నుంచి తెచ్చుకున్న చేగోడీలు తింటున్నాం. ఎవరో ఒక పిల్ల పరుగెత్తుకొచ్చింది. తలస్నానం మధ్యలో లేచి వచ్చినట్టుంది, సగం జుట్టు తడి. మా అందరి మొహాలూ వెతికింది. ఆ తర్వాత కాళ్ళు చూసింది. పాదాలు లోపలికి తిరిగిన నా కాళ్ళ దగ్గర ఆగింది.

"మీరు ఊర్వశి అమ్మనా?" అంది. తెలుగే, కానీ మా పక్క తెలుగు కాదు.

అవునన్నాను.

"నా పేరు తస్లీమా. మాది బోధన్. ఊర్వశి, నేను ఒక్క రూమ్‌ల ఉంటుంటిమి." మణికట్టు చూపించింది. దారంలా సన్నటి గాజు ఉంది. "గిది గంట అమ్మా. ఊర్వశి వస్తుంటే నాకు మోగుతది, నేను వస్తుంటే దానికి మోగుతది. ముందు వచ్చేటామె అన్నం పెట్టాలె, గదీ మా లెక్క. ఇయ్యాల మోగింది. గందుకే ఉరుక్కుంట వచ్చిన."

వదినే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టి చేతిలో చేగోడీలు పోసింది.

"తినమ్మా. సగం తానంతో వొచ్చీసావు. జలుబు సేస్తాది."

తస్లీమా తింది. ఒక్కటీ మిగల్చకుండా మొత్తం తింది.

రెండో రోజు, పొద్దున్న

సంఘం వాళ్ళు అద్దాల కొండకి వెళ్ళారు. నాకు మోకాలు నొప్పి అని చెప్పాను. వదిన నమ్మలేదు గానీ, "ఎల్లు. ఎక్కడికెల్తావో ఎల్లిరా. సీకటి పడేలోపల వొచ్చీ" అంది.

ఉత్తికాళ్ళతో బయల్దేరాను. దీపాలు నాకంటే ముందే నడిచాయి. ఊర్వశి రోజూ ఏ దారిన వెళ్ళేదో ఊరికి తెలుసు. నాకు తెలియదు. అందుకని ఊరు చూపించిన దారినే నడిచాను.

ఇక్కడ రోడ్ల కింద సముద్రం ఉంది. పెద్ద పెద్ద స్తంభాల మీద ఊరంతా నిలబడి ఉంది. వంతెన మీద ఆగి చూస్తే కింద అలలు. మేడల గోడలన్నీ పచ్చటి తీగలు. చెమట పట్టని ఊరు అనుకున్నాను, కానీ పొద్దెక్కేసరికి మా ఊరి ఉక్కే ఇక్కడా పోసింది. ఆ ఉక్కకి ప్రాణం కాస్త కుదుటపడింది.

ఒక టీ కొట్టు దగ్గర పసుపు దీపం ఆగింది. నేనేమీ అడక్కుండానే కొట్టులోంచి కప్పు బయటికి వచ్చింది. నిమ్మగడ్డి టీ. తాగితే పంచదార లేదు. మా పిల్లకి గ్లాసు అడుగున పంచదార కరగకుండా ఉండాలి, చివర్లో వేలితో తీసుకుని నాకేది. ఇది ఎవరి టీయో అనుకున్నాను.

వెనక నుంచి వగర్చుకుంటూ తస్లీమా. తోట పని చొక్కా ఒంటి మీదే ఉంది, చేతులకి మట్టి.

"పంచదార లేదేటమ్మా ఇందులో?" అని అడిగాను.

"పన్ను నొస్తున్నదని బంద్ చేసింది. చెంప గింత ఉబ్బె. చూస్తే నవ్వొస్తుండె అమ్మా, ఒక్క దిక్కే లడ్డు పెట్టుకున్నట్టు."

ఫోన్లో నాతో రోజూ మాట్లాడేది. పన్ను నొప్పని ఒక్క రోజూ చెప్పలేదు. ఆ టీ చివరి చుక్క దాకా తాగాను.

రెండో రోజు, మధ్యాహ్నం

దీపాలు నన్ను ట్రాము ఎక్కించాయి. ఖాళీగా ఉన్న బండిలో కిటికీ పక్క సీటు ముందే కిందికి వాలి ఉంది. అందులో కూర్చున్నాను. ఆ కిటికీలోంచి చూస్తే ఒక్క మేడా అడ్డం రాదు. పడమటి సముద్రం. అంటే మా వైపు. అటు మా రేవు ఉంటుంది, రేవు వెనక ఉప్పుమళ్ళు ఉంటాయి, ఆ పొద్దులో నేను గట్టు మీద గంప పెట్టుకుని వస్తూ ఉంటాను. నేను అటు నుంచి ఇటు చూసేదాన్ని. అది ఇటు నుంచి అటు చూసేది. మధ్యలో ఇంత నీళ్ళు.

తర్వాత అంతస్తుల తోట. తలుపు తెరుచుకుంది. లిఫ్టు తనంతట తనే పైకి తీసుకుపోయింది, మిద్దె మీదికి. అక్కడ ఎవరూ లేరు. ఒక మూల వెడల్పాటి రేకు పళ్ళెం ఉంది. చూడగానే తెలిసింది. సముద్రం నీళ్ళు తెచ్చి పోసి, ఎండబెట్టి, మడి కట్టింది నా కూతురు. మిద్దె మీద పళ్ళెంలో ఉప్పుమడి.

ఏడాదిగా ఎవరూ తియ్యలేదు. అడుగున గట్టిగా పెచ్చు కట్టింది, దాని మీద వానలకి ఊరిన నీళ్ళు. ఉప్పు దిగాక పైనీళ్ళు తీసెయ్యాలి. తియ్యకపోతే ఉప్పుకి చేదు పడుతుంది. గోటితో గీకి నాలిక మీద వేసుకున్నాను. చేదు.

నేను ఆ నీళ్ళు వొంపేస్తుంటే తస్లీమా మళ్ళీ వచ్చింది. ఈసారి మెట్ల మీద నుంచి. లిఫ్టు కోసం ఆగలేదట.

నాకు కోపం వచ్చింది. నా మీదో ఆ పిల్ల మీదో తెలియలేదు.

"నానే అని తెలుసు కదే! పొద్దున్న సూసావు, నిన్న సూసావు. మల్లీ ఎందుకే ఇలగ పరిగెట్టుకొస్తావు? గుండె ఆగిపోతాది."

మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంది. "నాకు తెలుసమ్మా. కాళ్ళకు తెల్వది."

ఇద్దరం ఆ పళ్ళెం పక్కన కూర్చున్నాం. ఉప్పు ఒక్కొక్క పెచ్చే ఊడదీస్తూ అడిగాను. మీ అమ్మావాళ్ళు బాగున్నారా, బోధన్ ఎప్పుడెళ్ళావు అని.

"ఊర్వశి పోయినంక పోలేదమ్మా. అమ్మ రోజూ అడుగుతది, ఎప్పుడొస్తవ్ బేటా అని. వచ్చే నెల అంట. మళ్ళ వచ్చే నెల అంట."

"సెలవియ్యరా?"

"ఇస్తరు." గాజుని వేలితో తిప్పింది. "నేను బోధన్ల ఉన్నప్పుడు గిది మోగితే?"

ఈ పిల్ల ఆ గంట కోసం ఏడాదిగా ఊరు కదల్లేదు. ఏ గంటా మోగకపోయినా కదల్లేదు. ఇప్పుడు నేనొచ్చి మోగించాను. బోధన్‌లో ఒక తల్లి ప్రతి నెలా వచ్చే నెల కోసం చూస్తోంది.

రెండో రోజు, సాయంత్రం

బసకి వచ్చేసరికి గొడవ. ఊరి కచేరీ నుంచి పరశురాంకి కబురు వచ్చిందట. చూడ్డానికి వచ్చినవాళ్ళలో దమయంతి అనే మనిషి, అంటే నేను, వచ్చిన దగ్గర్నుంచి ఒక్క అడుగూ వెయ్యలేదు, ఎక్కడా లేదు. ఆ మనిషి దొరికేదాకా ఆ కాగితం మీద వచ్చినవాళ్ళెవరూ పడవ ఎక్కడానికి లేదు. రేపు మధ్యాహ్నం మా పడవ.

సంఘం వాళ్ళు నా చుట్టూ మూగారు. ఒకావిడ మనవరాలికి ఎల్లుండి ఓణీల ఫంక్షను. ఒకావిడ గేదె ఈనడానికి ఉంది.

వదిన లేచింది. "ఏటి మీ కచేరీ! బతికున్న మనిషిని లేదంటారు, సచ్చిపోయినోళ్ళని ఉన్నారంటారు! ఇదిగో మనిషి. గిల్లి సూసుకోమను."

"నాకు తెలుసమ్మా, వాళ్ళకి తెలియాలి కదా" అన్నాడు పరశురాం. పాపం, అతని మొహం చూడాలి.

వదిన తన బూట్లు తెచ్చి నాకు తొడిగింది. కొత్తవి, ఈ ప్రయాణానికే కొన్నది. "నడు. ఇట్నుంచటు. నాలాగ నడు. నడుం ఊపు, సేతులూపు. సిగ్గేటి, ఎవులు సూస్తారు?"

నడిచాను. నడుం ఊపాను. అందరూ నవ్వారు. గేదె ఆవిడ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నాకూ నవ్వొచ్చింది, చాలా రోజులకి. నాలుగడుగులు తెల్లగా వెలిగాయి. ఐదో అడుగుకి నేను మర్చిపోయాను, కాలు దాని దారిన అది పడింది. పసుపు.

"స్వాగతము ఊర్వశీ" అంది ముత్యం.



వదిన నా కాళ్ళ దగ్గర కూర్చుని బూట్లు విప్పింది. విప్పుతూ మెల్లగా అంది. "దమయంతీ, నీకు సెప్పాలని లేదు. అవునా?"

"అందరూ లేదన్నారు వదినా. పెట్టె మూసేసి ఇచ్చారు. ఈ ఊరొక్కటే ఉందంటోంది" అన్నాను.

మూడో రోజు, పొద్దున్న

నడకల కచేరీకి నన్నూ పరశురాంనీ పిలిచారు. వదిన కూడా వచ్చింది. తస్లీమా అప్పటికే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

అక్కడ పెద్దావిడ పేరు నోరైనీ. తలకి గుడ్డ చుట్టుకుని, మెడలో కళ్ళజోడు వేలాడేసుకుని ఉంది. నన్ను నిలబెట్టి మాట్లాడలేదు, తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది. ఆవిడ మాటలు ముత్యం చెప్పింది. వాచకం తెలుగే, కానీ ఆవిడ కళ్ళు చూస్తే అసలు మాట ఎలా ఉంటుందో తెలుస్తోంది.

"మీ కుమార్తె రేవు ద్వారము దాటి వెలుపలికి వెళ్ళెను. తిరిగి రాలేదు. ఏమైనదో ఆమె బంధువులెవ్వరును మాకు తెలుపలేదు. అందుచేత ఊరు ఆమె కొరకు ఎదురుచూచుచున్నది."

పెట్టె ఆ దీవి నుంచే మాకు వచ్చేసింది కదా. వీళ్ళకి చెప్పాల్సిన పని ఎవరికీ పడలేదు.

నోరైనీ రెండు దారులు చెప్పింది. ఒకటి, దమయంతి అనే మనిషి కాగితంలో పొరపాటున పడిందని కొట్టేసి, నన్ను ఊర్వశిగానే రేవు దాటించెయ్యడం. మళ్ళీ బయటికెళ్ళింది, వస్తుంది అని ఊరు అనుకుంటుంది. నేను ఎప్పుడొచ్చినా ఆ దీపాలు వెలుగుతాయి, ఆ టీ వస్తుంది, ఆ సీటు వాలుతుంది. రెండోది, ఊర్వశి లేదని కన్నతల్లిగా నా నోటితో చెప్పడం. చెబితే ఆ నడక ఆమె పేరు మీద నుంచి తీసేసి నా పేరు మీద రాస్తారు. ఆ తర్వాత ఊరికి ఊర్వశి ఎవరో తెలియదు.

"మొదటిదే చెయ్యండమ్మా" అంది గుమ్మం దగ్గర నుంచి తస్లీమా. "నా గురించి చూడకున్రి. మోగనియ్యి. నాకలవాటే."



నేను నోరైనీని ఒకటి అడిగాను. "మా పిల్ల ఎల్లేటప్పుడు ఎలగెల్లింది? మీ ఊరు సూసిందా?"

చూసిందట. రేవు దాటేవాళ్ళందర్నీ ఊరు ఒక మాట అడుగుతుంది, తిరిగి ఎప్పుడొస్తారని. వాళ్ళు చెప్పింది దాచుకుంటుంది. వింటారా అని అడిగింది.

ముత్యం అవసరం లేకపోయింది. గదిలోకి నా కూతురి గొంతు వచ్చింది. వెనకాల గాలి చప్పుడు, ఎవరో నవ్వుతున్నారు.

"ఆదివారం సాయంత్రానికొచ్చీస్తాను. తస్లీమాకి సెప్పండి, నాక్కూడా బియ్యం ఎయ్యమని. మర్సిపోద్ది అది."

అంతే.

వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కదల్లేదు. కదిలితే ఆ గొంతు గదిలోంచి పోతుందనిపించింది.

తస్లీమా గోడకి ఆనుకుని ఉంది. కంట తడి లేదు. "వేసిన" అంది. ఎవరితో చెబుతోందో. "చెప్పకున్నా వేసిన. సోమారం పొద్దుగాల గా అన్నం చేపలకు పడేసిన."

ఏడాది నుంచీ నేను ఊర్వశి లేదన్న మాట అనలేదు. ఊళ్ళో ఎవరైనా అడిగితే ఆయనే చెప్పేవారు, నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని. రేషన్ కార్డులో పేరు తీయించడానికి ఆయనే వెళ్ళారు. ఆ మాట నా నోట్లోంచి రాకపోతే ఎక్కడో ఒక మూల అది ఉన్నట్టే అనుకున్నాను. ఆ మూల ఈ ఊరే అయింది. ఇక్కడ టీ తాగుతోంది, కిటికీ పక్కన కూర్చుంటోంది, మా వైపు చూస్తోంది. మూడు రోజులు నేను దాని లోపల తిరిగాను. కడుపుతో ఉన్నప్పుడు అది నా లోపల తిరిగినట్టు.

కానీ గుమ్మం దగ్గర ఒక పిల్ల నిలబడి ఉంది. ఆ పిల్ల చెయ్యి ఆ గాజు మీదే ఉంది. నేను మళ్ళీ వచ్చినా రాకపోయినా, ఈ నడకకి దగ్గరగా ఏ నడక ఈ ఊళ్ళో పడినా, ఆ పిల్ల మెట్లు దిగి పరుగెడుతుంది. బోధన్‌లో వాళ్ళమ్మకి వచ్చే నెల ఎప్పటికీ రాదు. నా పిల్ల ఇక రాదని నాకు తెలుసు. ఆవిడకి రావలసిన పిల్ల ఉంది.

నోరైనీ చేతి మీద నా చెయ్యి వేశాను. మా భాషలోనే చెప్పాను.

"నా కూతురు ఊర్వశి సచ్చిపోనాది. నిరుడు, సముద్రంలో. నానే మట్టేసాను. ఈ నడక మా అమ్మది. మా అమ్మ నాకిచ్చింది, నాను దానికిచ్చాను. అదిప్పుడు లేదు. నాది నాకు రాసీండి."

ముత్యం దాన్ని వాళ్ళ భాషలోకి ఎలా మార్చిందో తెలియదు. నోరైనీ కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని రాసింది. రాశాక, వరండా చివరిదాకా ఒకసారి నడవమంది. ఊరు కొత్తగా నేర్చుకోవాలట.

చెప్పులు విడిచాను. తస్లీమా పక్కకి తప్పుకుంది. వదిన గుమ్మంలో నిలబడింది. పొడుగాటి వరండా, ఒక పక్క అంతా అద్దాలు, ఎండ నేల మీద పరుచుకుని ఉంది. ముందు వేళ్ళు, తర్వాత మడమ. చేతులు ఊపలేదు, మెడ కదపలేదు. నెత్తి మీద గంప లేదు, ఉన్నంత బరువుగానే నడిచాను. దీపాలు వెలిగాయి. తెల్లగా.

చివరికంటా వెళ్ళి ఆగాను. ముత్యం ఏమీ మాట్లాడలేదు. వెనక కూడా చప్పుడు లేదు. అప్పుడు గుర్తొచ్చి తిరిగి చూశాను.

తస్లీమా చెయ్యి పైకెత్తి మణికట్టు చూసుకుంటోంది. చెవి దగ్గర పెట్టుకుంది. మళ్ళీ చూసింది. నేనంత దూరం ఆ నడకే నడిచినా గంట మోగలేదు.

ఆ పిల్ల మొహం అప్పుడు విరిగింది. గోడ మీద నుంచి జారి నేల మీద కూర్చుండిపోయి, పెద్ద గొంతుతో, చంటిపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. ఏడాది ఏడుపంతా.

వదిన కదలబోయింది. వద్దని చెయ్యి చూపించాను. వచ్చిన దారినే వెనక్కి తిరిగాను. నా నడకతోనే ఆ పిల్ల దగ్గరికి నడిచాను.